కనకాంబరం: వాసన లేదు, వాడిపోదు

పూలబుట్టలో మల్లెకు వాసనే పెట్టుబడి. దాని పక్కనే ఉండే కనకాంబరానికి ఆ ఊసే లేదు. అయినా దండలో నాలుగు కనకాంబరాలు పడకపోతే మన ఇళ్లలో పెద్దవాళ్లకు వెలితిగానే ఉంటుంది. సాయంత్రం విచ్చిన మల్లె తెల్లారేసరికి రంగు తిరుగుతుంది. కనకాంబరం మర్నాడు కూడా అలాగే ఉంటుంది. పైగా బరువు ఉండదు. కిలో తూగాలంటే వేల పూలు కోయాలి, కోసేవాళ్ల నడుములు అడగండి!

అడ్డసరం, నేలవేము ఉన్న అకాంథేసీ కుటుంబమే దీనిదీ. పువ్వును ఒకసారి పరీక్షగా చూడండి. ఐదు రెక్కలూ ఒకే వైపుకి విసనకర్రలా విచ్చుకుంటాయి. వెనక సన్నగా, పొడుగ్గా ఉండేదాన్ని మనం కాడ అనుకుంటాం. నిజానికి అది కాడ కాదు, రెక్కలే కింద కలిసిపోయి ఏర్పడిన గొట్టం. దండ కట్టేటప్పుడు దారం ముడి పడేది దాని మీదే. పువ్వును లాగితే గొట్టంతో సహా ఊడి వస్తుంది, గింజ కట్టే భాగం మాత్రం కంకిలోనే ఉండిపోతుంది.

అసలు తమాషా కాయలో ఉంది. ఎండిన కాయ గోడలు బిగించిన స్ప్రింగులా ఉంటాయి. చినుకు పడగానే అతుకు సడలి, కాయ టప్పున రెండుగా చీలి, లోపలి గింజల్ని దూరంగా విసురుతుంది. నేల తడిసిన వేళే గింజ నేల మీద పడాలన్నది మొక్క లెక్క. చిన్నప్పుడు టపాకాయల మొక్క కాయల్ని నీళ్లలో వేసి పేల్చినవాళ్లకు ఇది కొత్త కాదు, అదీ ఈ కుటుంబమే. ఇంగ్లీషువాళ్లు కనకాంబరాన్ని ఫైర్‌క్రాకర్ ఫ్లవర్ అంటారు.

పెంచడం కష్టం కాదు. కొంచెం నీడైనా ఓర్చుకుంటుంది, వేళ్ల దగ్గర నీరు నిలిస్తే మాత్రం ఎండు తెగులుకు దారి ఇచ్చినట్టే. కంకిలో పూలు కిందినుంచి పైకి విచ్చుకుంటూ పోతాయి కాబట్టి రోజు విడిచి రోజు తెల్లవారుజామునే కోస్తారు. రైతును ఎక్కువగా ఏడిపించేది కంటికి కనిపించని నులిపురుగు. అది వేళ్లను తినేస్తుంటే పైన ఆకులు పాలిపోయి మొక్క గిడసబారుతుంది. మందు కొట్టేముందు వేరు పీకి చూడటం మంచిది. వేపపిండి వేయడం, మధ్యలో బంతి నాటడం పనికొస్తాయి. బంతి వేళ్లలోని రసాయనాలు ఆ పురుగుకి పడవు.

తోటల్లో ఎక్కువగా పెంచే ఢిల్లీ రకంలో క్రోమోజోములు (కణంలో వంశలక్షణాలను మోసే పోగులు) రెండేసి కాకుండా మూడేసి ఉంటాయి. అవి జతపడలేవు కనుక, మనం తినే అరటిలాగే, గింజ కట్టదు. కొమ్మ ముక్కలు నాటుకోవాల్సిందే. పూలు బోలెడు పూస్తుంది, కానీ వాన పడితే టపటపలు ఉండవు. అందుకే మా పెరట్లో మాత్రం పాత నాటు రకమే ఉంచాం.