పాత కంప్యూటర్లో పాట ఎందుకు గరగరమంటుంది?

రాత్రి ఇల్లు సద్దుమణిగాక పాత కంప్యూటర్‌కి హెడ్‌ఫోన్స్ తగిలించి, పాటేదీ పెట్టకుండా వాల్యూమ్ పెంచి చూడండి. చాలా మెషీన్లలో మౌస్ కదిపితే చెవిలో జుర్రుమని సన్నటి శబ్దం వస్తుంది. తెరమీది పేజీని పైకీ కిందకీ జరిపితే ఆ శబ్దం తీరు మారుతుంది. హార్డ్ డిస్క్ పనిచేస్తున్నప్పుడు ఇంకో రకం గరగర. పాట మొదలయ్యాక ఇవి దాని కింద దాక్కుంటాయే తప్ప పోవు. మెషీన్ ముసలిదైపోయిందని సరిపెట్టుకుంటాం గానీ, పాట వినిపించడం పాత ప్రాసెసర్‌కి కూడా పెద్ద పనేం కాదు. అసలు గొడవంతా అంకెల రూపంలో ఉన్న పాట కరెంటు తరంగంగా మారే పని ఎక్కడ జరుగుతోందన్న దగ్గరే ఉంది.

1981లో వచ్చిన ఐబీఎం పీసీకి ఈ బాధే లేదు. దాని స్పీకర్ ఉన్నది బీప్ కొట్టడానికి. 1987లో ఆడ్‌లిబ్ అనే సౌండ్ కార్డు యమహా చిప్‌తో ఒకేసారి తొమ్మిది స్వరాలు పలికించింది. అదీ చిప్ అప్పటికప్పుడు పుట్టించే ధ్వనే, రికార్డు చేసిన పాట కాదు. 1989 నాటి సౌండ్ బ్లాస్టర్ కార్డు రికార్డింగ్‌నీ వినిపించింది, కాకపోతే మోనోలో, 8 బిట్లలో. 8 బిట్లంటే అతి గట్టి శబ్దానికీ అడుగున ఉండే రొదకీ మధ్య తేడా 48 డెసిబెల్స్ దాకానే. సీడీకి ఉన్నవి 16 బిట్లు, అంటే 96 డెసిబెల్స్. 1992లో సౌండ్ బ్లాస్టర్ 16తో పీసీ కూడా, కాగితం మీదైతే, అక్కడికి చేరింది.

ఆ కాలపు డబ్బా విప్పితే సీడీ డ్రైవ్ వెనక నుంచి సౌండ్ కార్డుకి ఒక సన్నటి కేబుల్ కనిపిస్తుంది. ఆడియో సీడీ పెడితే అంకెల్ని తరంగంగా మార్చే పని డ్రైవే చేసుకునేది. ఆ తరంగం ఈ కేబుల్ గుండా, పవర్ సప్లై పక్క నుంచి, నానా వైర్ల మధ్య నుంచి కార్డుకి వెళ్లేది. దారిలో ఎంత రొద అంటుకునేదో ఊహించుకోవచ్చు.

1997లో ఇంటెల్ ఏసీ97 ప్రమాణం తెచ్చింది. విడి కార్డు అక్కర్లేకుండా మదర్‌బోర్డు మీదే ఒక చిన్న చౌక చిప్ పెడితే చాలు. ధర తగ్గింది, ప్రతి కంప్యూటర్‌కీ గొంతొచ్చింది. రెండు ఇబ్బందులు కూడా వచ్చాయి. సీడీ పాటలో సెకనుకి 44,100 నమూనాలు (తరంగాన్ని కొలిచిన అంకెలు) ఉంటే, ఈ చిప్‌ల మూల లెక్క 48,000. చాలా చోట్ల పాటని ఆ లెక్కకి మార్చి వినిపించాల్సి వచ్చింది, ఆ మార్పిడి అన్నిచోట్లా శుభ్రంగా జరగలేదు. రెండోది, సున్నితమైన ఆడియో సర్క్యూట్ వచ్చి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల పక్కింట్లో కాపురం పెట్టింది. మౌస్ జుర్రుమనడం అక్కడి నుంచి వచ్చిందే. 2004లో హెచ్‌డీ ఆడియో వచ్చి ఆ నమూనాల లెక్కని 192 కిలోహెర్ట్జ్ దాకా, అంటే సెకనుకి 1,92,000 దాకా పెంచింది గానీ పక్కింటివాళ్లు మారలేదు.

తప్పంతా డబ్బాదే అనడమూ న్యాయం కాదు. ఎంపీ3 పాటలు వినిపించే విన్‌యాంప్ ప్రోగ్రాం వచ్చింది కూడా 1997లోనే. చిన్న డిస్కులు, నత్తనడక మోడెమ్‌ల రోజులు కాబట్టి సెకనుకి 128 కిలోబిట్ల ఎంపీ3 మామూలైపోయింది. సీడీ లెక్క 1,411 కిలోబిట్లు, అంటే ఇందులో ఉండేది పదకొండో వంతు. ఇప్పుడు దాన్ని 320కి కన్వర్ట్ చేసినా ఫైలు లావెక్కుతుందే గానీ పోయిన ధ్వని తిరిగి రాదు.

డబ్బు పెట్టకుండా చేయగలిగేవి కొన్నున్నాయి. ముందు వైపు జాక్ వదిలేసి వెనక ఉన్న లేత ఆకుపచ్చ జాక్‌కి తగిలించండి, ముందు జాక్ వైరు క్యాబినెట్ అంతా తిరిగి వస్తుంది మరి. కంప్యూటర్ వాల్యూమ్ మిక్సర్‌లో మైక్, లైన్ ఇన్ మ్యూట్ చేయండి. కంప్యూటర్ వాల్యూమ్ ఎక్కువగా ఉంచి, స్పీకర్ దగ్గర తగ్గించుకోండి. కంప్యూటర్‌లో తగ్గించిన ప్రతి 6 డెసిబెల్స్‌కీ దాదాపు ఒక బిట్ నష్టం.

అసలు మందు మాత్రం ఆ మార్పిడిని డబ్బా బయటికి పంపడం. యూఎస్‌బీ ఆడియో ప్రమాణం 1998లోనే వచ్చింది. దాని మొదటి తరం డీఏసీలు (అంకెల్ని తరంగంగా మార్చే విడి పరికరాలు) విండోస్ ఎక్స్‌పీలో కూడా విడిగా డ్రైవర్ లేకుండా పనిచేస్తాయి, స్టీరియో పాటకి అది చాలు. తర్వాత వచ్చిన రెండో తరానికి విండోస్ సొంత డ్రైవర్ 2017లో గానీ ఇవ్వలేదు. పాత మెషీన్‌కి కొనేవాళ్లు ఈ సంగతి అడిగి కొనడం మంచిది. ఒక్కోసారి యూఎస్‌బీ పెట్టినా గుమ్మనే హమ్ పోదు, ఎందుకంటే ఆ కేబుల్లో ఎర్త్ కూడా వస్తుంది. మదర్‌బోర్డుకి ఆప్టికల్ అవుట్ ఉంటే అది వాడండి. వెలుతురు గుండా హమ్ ప్రయాణించదు.

ఇదంతా అయ్యాక మౌస్ ఎంత కదిపినా హెడ్‌ఫోన్స్‌లో చడీచప్పుడూ ఉండదు. అప్పుడు వినిపించేది కూలింగ్ ఫ్యాన్. దానికి ఏ డీఏసీ పనికిరాదు, క్యాబినెట్ విప్పి దుమ్ము దులపాల్సిందే.