వరద లేని రోజుల్లో అన్ని మోడళ్లూ మంచివే

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మరో గంటకు నీరు ఎంత ఎత్తున ఉంటుందో చెప్పడం పెద్ద విద్యేమీ కాదు. ఇప్పుడెంత ఉందో అప్పుడూ అంతే అనేస్తే ఏడాదిలో ఎక్కువ రోజులు నిజమే అవుతుంది. కాబట్టి ఎవరైనా నీటి మట్టాన్ని ముందే లెక్కగట్టే తమ కంప్యూటర్ మోడల్ 98 శాతం సరిగ్గా చెబుతుందంటే, ఈ సోమరి అంచనా కన్నా అది ఎంత మేలో ముందు అడగాలి.

ఆ 98 శాతాన్ని తేల్చిన పరీక్ష ఎలా పెట్టారో కూడా అడగాలి. గంటగంటకూ తీసిన రీడింగులను కలిపేసి, కొన్ని మోడల్‌కు నేర్పడానికీ కొన్ని పరీక్షకూ తీస్తే మార్కులు బాగానే వస్తాయి. రెండు గంటల మట్టం, నాలుగు గంటల మట్టం ముందే చూపించి మూడు గంటలది అడిగితే ఎవరు చెప్పలేరు? అందుకే ఏళ్లవారీగా విడదీయాలి. 2021 వరకు ఉన్న రీడింగులతో నేర్పి, 2022వి పరీక్షకు దాచి ఉంచాలి. ఆ ఏడాది జులైలోనే భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 1986 ఆగస్టులో 75 దాటింది. ఇలాంటి వరదలు డేటాలో వేళ్లమీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి. సగటులో అవి కలిసిపోతాయి. లంక గ్రామాలను ముంచేవి మాత్రం అవే. రాని వరదకు హెచ్చరిస్తే పశువులను గట్టుకు తోలిన శ్రమ దండగ. వచ్చేదాన్ని చెప్పకపోతే పశువులే ఉండవు. ఈ రెండు తప్పులకూ ఒకే మార్కు కోసే పరీక్ష నా దృష్టిలో పరీక్షే కాదు.

అడిగినదానికి వాక్యాల్లో జవాబిచ్చే చాట్‌బాట్‌ల వెనకుండే భాషా మోడళ్ల చిక్కు వేరు. ధవళేశ్వరంలో ప్రమాద హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగుల దగ్గర ఇస్తారు; భద్రాచలంలో 43, 48, 53 దగ్గర. ఒక ఊరి అంకెను మరో ఊరికి అంటగట్టినా చాట్‌బాట్ వాక్యం ఏమాత్రం తడబడదు. అందుకే ఒకే ప్రశ్నను ‘ధవళేశ్వరంలో’ అనీ, ‘కాటన్ బ్యారేజీ దగ్గర’ అనీ మార్చి అడగాలి; రెండూ ఒకే చోటు కాబట్టి జవాబూ ఒకటే రావాలి. ‘నాలుగో హెచ్చరిక ఎన్ని అడుగులకు?’ అని కూడా అడిగి చూడాలి. నాలుగోది లేదు. అయినా అంకె చెప్పిందంటే, దాని జవాబును అధికారి ఎవరైనా సరిచూడకుండా జనానికి పంపకూడదు.

2011లో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్, బ్యాంకులు వాడే లెక్కల మోడళ్లపై ఇచ్చిన మార్గదర్శకాల్లో, మోడల్‌ను కట్టినవారితో సంబంధం లేనివారు దాన్ని పరీక్షించాలని ఉంది. మోడలే తప్పు కావడంతో పాటు, సరైన మోడల్‌ను తగని పనికి వాడడమూ ముప్పేనని అందులో చెప్పారు. రెండోది మనవాళ్లకు అంతగా పట్టదు. బ్యారేజీ మట్టం చెప్పే మోడల్‌ను పట్టుకుని ఏ లంకలో ఏ వీధి మునుగుతుందో చెప్పించడం అలాంటిదే.

ఒకసారి నెగ్గిన మోడల్ ఎప్పటికీ నెగ్గుతుందనీ లేదు. 2021 జూన్‌లో, భద్రాచలానికీ ధవళేశ్వరానికీ మధ్య ఉన్న పోలవరం ప్రాజెక్టు దగ్గర గోదావరిని స్పిల్‌వే (నీటిని గేట్ల గుండా వదిలే కట్టడం) మీదుగా మళ్లించారు. భద్రాచలం మట్టాన్ని బట్టి ధవళేశ్వరం మట్టాన్ని లెక్కగట్టే మోడల్ అంతకు ముందటి డేటాతో తయారై ఉంటే, మళ్లింపు తర్వాతి వరదలతో దాన్ని మళ్లీ పరీక్షించాలి.