పై ఫ్లోర్ వాళ్ళ ఎండాకాలం: పాత ఫ్లాట్‌లో ఏసీ కొనేముందు ఒకసారి స్లాబ్ వైపు చూడండి

మేముండేది హైదరాబాద్‌లో ఒక పాత మూడంతస్తుల అపార్ట్‌మెంట్, లిఫ్ట్ లేదు, అన్నీ చిన్న ఫ్లాట్లే, మాది పై ఫ్లోర్. కొనేటప్పుడు బ్రోకర్ "మీ పైన ఎవరూ దంచరు రుబ్బరు సార్, గాలి బ్రహ్మాండంగా వస్తుంది" అన్నాడు, అబద్ధమేం కాదు, గాలి వస్తుంది, కాకపోతే ఏప్రిల్ నుంచి అది పొయ్యి మీదుగా వచ్చినట్టు వస్తుంది. రాత్రి పదింటికి కూడా మంచం మీద పడుకుంటే మొహం పైన ఎవరో కాలిన పెనం పట్టుకుని నిలబడ్డట్టే ఉంటుంది. అదే కింద ఫ్లోర్ వాళ్ళింటికి వెళ్తే వేరే ఊరొచ్చినట్టు. అదే బిల్డింగ్, అవే గోడలు, అదే ఎండ. తేడా ఒక్కటే, మా నెత్తిన స్లాబ్ ఉంది, వాళ్ళ నెత్తిన మేమున్నాం.

దీనికి చిన్న లెక్క వేసి చూద్దాం. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఒక చదరపు మీటరు డాబా మీద దాదాపు 1000 వాట్ల ఎండ పడుతుంది. 600 చదరపు అడుగుల ఫ్లాట్ అంటే సుమారు 56 చదరపు మీటర్లు. నాచు పట్టి నల్లబడిన పాత సిమెంట్ డాబా పడిన ఎండలో మూడింట రెండొంతులు మింగేస్తుంది, అంటే 36, 37 కిలోవాట్లు. టన్నున్నర ఏసీ గదిలోంచి బయటికి తోడగలిగే వేడి 5.3 కిలోవాట్లే. మింగిందంతా లోపలికి దిగదు లెండి, చాలావరకు మళ్ళీ గాలిలోకే పోతుంది, లేకపోతే అందరం ఇడ్లీల్లా ఉడికిపోయేవాళ్ళం, కానీ ఎవరు ఎవరితో కుస్తీ పడుతున్నారో అర్థమవుతుంది కదా.

మరి సూర్యుడు పోయాక కూడా వేడేంటి అని చాలామంది అడుగుతారు, అసలు కథంతా అక్కడే ఉంది. అదే 56 చదరపు మీటర్ల స్లాబ్ 12 సెంటీమీటర్ల మందం ఉందనుకుంటే దాని బరువు 16 టన్నులు. అది ఒక్క పది డిగ్రీలు చల్లారాలంటే బయటికి పోవాల్సిన వేడిని కరెంటు యూనిట్లలో చెప్తే దాదాపు 40 యూనిట్లు! పగలంతా మెల్లగా నింపుకున్న ఈ వేడి కింది వైపుకి చేరేసరికి సాయంత్రం అవుతుంది, మనం ఆఫీసు నుంచి వచ్చే టైంకి కరెక్టుగా సీలింగ్ వేడెక్కి రెడీగా ఉంటుంది. పైగా అది గాలిని వేడి చేసి ఊరుకోదు, నేరుగా మన ఒంటి మీదకి వేడిని ప్రసరిస్తుంది, చలిమంట పక్కన కూర్చుంటే గాలి చల్లగా ఉన్నా మొహం కాలినట్టు అనిపిస్తుందే, అదే సంగతి. అందుకే ఫ్యాన్ ఎంత తిప్పినా పెద్దగా లాభం ఉండదు, ఫ్యాన్ గాలిని చల్లబరచదు, చెమట ఆరేలా చేస్తుంది అంతే, సీలింగ్ కింద చేరిన వేడిగాలిని కూడా మన మీదకే తోస్తుంది.

మన పాతవాళ్ళకి ఇదంతా తెలియక కాదు. కర్నూలు, అనంతపురం వైపు మట్టి మిద్దెలు చూసే ఉంటారు, పైన అంత మందాన మట్టి ఉంటే వేడి కిందికి దిగేలోపే పొద్దుగూకేది. తర్వాత అందరం నాలుగైదు అంగుళాల స్లాబులకి మారాం, హౌసింగ్ బోర్డు తక్కువ ఆదాయం వాళ్ళకి కట్టిన ఎల్ఐజీ ఇళ్ళు, ఆ తర్వాత వచ్చిన రాజీవ్ గృహకల్ప అనే ప్రభుత్వ పథకం బ్లాకులు, మావి లాంటి చిన్న ప్రైవేటు అపార్ట్‌మెంట్లు, అన్నిట్లో అదే. తక్కువ ఖర్చులో పక్కా ఇల్లు కావాలి, వచ్చింది, దాన్ని తప్పుపట్టను. కేంద్రం 2018లో ఎకో నివాస్ సంహిత అని ఇళ్ళకి ఒక కోడ్ తెచ్చింది, అందులో పైకప్పు వేడిని ఎంత దాటనివ్వొచ్చో ఒక హద్దు పెట్టారు, లోపలికీ బయటికీ ఉన్న ప్రతి డిగ్రీ తేడాకి చదరపు మీటరుకి 1.2 వాట్లు. మామూలు బోడి స్లాబ్ దానికి దాదాపు మూడు రెట్లు దాటనిస్తుంది. కానీ అది కొత్తగా కట్టే వాటి కోసం, ఇప్పటికే నిలబడి ఉన్న లక్షల ఫ్లాట్ల మాటేంటి?

అన్నిటికంటే చవకైన మందు తెల్లరంగు. కొత్తగా వేసిన మంచి తెల్ల కోటింగ్ పడిన ఎండలో 80 శాతం దాకా వెనక్కి పంపేస్తుంది, అంటే పైన చెప్పిన 37 కిలోవాట్లు 11కి పడిపోతాయి. 2017లో హైదరాబాద్‌లోనే దేవరకొండ బస్తీలో 25 పేద ఇళ్ళ మీద కూల్ రూఫ్ షీట్, అంటే ఎండని వెనక్కి కొట్టే షీట్ పరిచి చూశారు, లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండేనా అనకండి, కరెంటు పోయిన మే నెల రాత్రి ఆ రెండు డిగ్రీల విలువ పై ఫ్లోర్ వాళ్ళని అడగండి. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చింది, 2028 కల్లా రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులు తెల్లబడాలని టార్గెట్, అందులో 200 హైదరాబాద్‌లోనే. అయితే 600 గజాల లోపు స్థలంలో ఉన్న ఇళ్ళకి అది మన ఇష్టమే, తప్పనిసరి కాదు, నిజానికి ఎక్కువ ఉడికేది అలాంటి చోట్లే అని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మెరిసేదల్లా చల్లగా ఉండదు. తళతళలాడే కొత్త రేకు కూడా ఎండని బాగానే తిప్పికొడుతుంది, కానీ లోపలికి చేరిన కాస్త వేడిని మళ్ళీ ఆకాశంలోకి వదలడంలో అది పరమ పిసినారి, తెల్లరంగు, సున్నం, తెల్ల టైల్ ముక్కలు మాత్రం రెండు పనులూ చేస్తాయి. టైల్ ముక్కలతో పరిచే చైనా మొజాయిక్ ఎక్కువకాలం ఉంటుంది, సున్నం ఒకటి రెండు వానాకాలాలకే కొట్టుకుపోతుంది, కోటింగ్ మీద దుమ్ము పడితే పవర్ తగ్గిపోతుంది కాబట్టి ఎండాకాలం ముందు ఒకసారి కడగాలి. ముందు పగుళ్ళు పూడ్చకుండా రంగు వేస్తే డబ్బులు దండగ. ఇంకోటి, చల్లదనం కోసమని పాత స్లాబ్ మీద మట్టి పోసి తోట పెట్టేవాళ్ళుంటారు, సీలింగ్ పెచ్చులూడుతోందంటే లోపల ఇనుము తుప్పు పట్టిందని అర్థం, ఇంజనీర్‌కి చూపించకుండా బరువు పెంచొద్దు.

పడమర కిటికీలకి ఎండ అద్దం దాకా రాకుండా బయటే ఆపాలి, వెదురు తడికైనా సరే, లోపల కర్టెన్ వేస్తే అప్పటికే వేడి ఇంట్లోకి వచ్చి కూర్చుంది. 75 వాట్ల పాత ఫ్యాన్ల బదులు తక్కువ కరెంటు తినే మోటారున్న 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు మూడు పెట్టి రోజుకి 16 గంటలు తిప్పితే నెలకి 65 యూనిట్లు మిగులుతాయి. కూలర్ హైదరాబాద్ పొడి ఎండకి బాగానే పనిచేస్తుంది, విజయవాడ ఉక్కపోతలో మాత్రం చెమట మీద చెమటే.

పాతది కూల్చేసి కొత్తది కట్టేద్దాం అనే బిల్డర్లు మా దగ్గరికీ వచ్చారు. కూల్చకుండానే పాతదాన్ని బాగుచేసిన వాళ్ళూ ఉన్నారు. ఫ్రాన్స్‌లో బోర్డో అనే ఊళ్ళో గ్రాండ్ పార్క్ అని 1960ల నాటి సోషల్ హౌసింగ్ బ్లాకులు మూడున్నాయి, 530 ఫ్లాట్లు. లకటోన్, వసాల్ అనే ఆర్కిటెక్టులు ఇంకో ఇద్దరితో కలిసి వాటిని కూల్చకుండా, ఉన్నవాళ్ళని ఖాళీ చేయించకుండా ప్రతి ఫ్లాట్‌కీ బయటినుంచి 3.8 మీటర్ల వెడల్పు అద్దాల వరండా తగిలించారు, చలికాలం ఆ వరండాలో చేరిన ఎండే ఇంటికి దుప్పటి. 2019లో దానికి యూరప్‌లో పెద్ద అవార్డు కూడా వచ్చింది. దాన్ని చూసి మనం బాల్కనీకి అద్దాలు బిగిస్తే మాత్రం కొంప కొలిమే, మనకి కావాల్సింది ఎండ తగలని, గాలి ఆడే వరండా. వాళ్ళ నుంచి నేర్చుకోవాల్సింది కూల్చకపోవడం, అద్దాలు కాదు.

ఇక సైన్స్ కంటే కష్టమైనది అసోసియేషన్ మీటింగ్. డాబా అందరిదీ, వేడి మాత్రం పై ఫ్లోర్ నాలుగు ఫ్లాట్లది. "మీకు వేడైతే మీరు వేయించుకోండి" అన్నారు కింద వాళ్ళు, వాళ్ళ జేబు వైపు నుంచి చూస్తే అదీ న్యాయమే. రెండేళ్ళు వేడి గురించి చెప్పి చెప్పి అలిసిపోయాను. మూడో ఏడు వానలకి మెట్ల దగ్గర గోడంతా చెమ్మ దిగి కింది దాకా మరకలు వచ్చాయి, అప్పుడు వాటర్‌ప్రూఫింగ్ అన్నాం, ఎలాగూ వేసే కోటింగ్ తెల్లదే వేద్దాం అన్నాం, పది నిమిషాల్లో అందరూ సంతకాలు పెట్టేశారు. ఫిబ్రవరిలో పగుళ్ళు పూడ్చి తెల్ల కోటింగ్ రెండు పూతలు వేయించాం. ఈ మే నెలలో సీలింగ్ చెయ్యి పెట్టగలిగేలా ఉంది, ఏసీ కొనడం ఇంకో ఏడాదికి వాయిదా వేశాం. గ్రౌండ్ ఫ్లోర్ అత్తయ్యగారు మాత్రం వడియాలు పెట్టుకోవడానికి పైకొచ్చి, కళ్ళు జిగేల్‌మంటున్నాయి, ఈ తెలుపులో వడియం ఎక్కడుందో కనపడి చావట్లేదు బాబూ అని నన్ను తిడుతున్నారు.