పందిపిల్ల, గుర్రం, ఒక లెక్కల పుస్తకం

పొలం లేని ఇంటి పిల్లలకు పశువుల క్లబ్బు దేనికి? పిల్లలకు పంటలు, పశువుల పెంపకం నేర్పే అమెరికాలోని ఫోర్ హెచ్ క్లబ్బుల గురించి చదివేవారికి ఈ ప్రశ్న రావడం సహజం. జవాబు వాటి పుట్టుకలోనే ఉంది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడి వ్యవసాయ కళాశాలలు చెప్పే కొత్త పద్ధతులను రైతులు ఒక పట్టాన నమ్మేవారు కాదు. పెద్దలు వినకపోతే పిల్లలకు చెబుదామనుకున్నారు కొందరు ఉపాధ్యాయులు. 1902 జనవరిలో ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఎ.బి.గ్రాహం అనే పాఠశాలల పర్యవేక్షకుడు ముప్పై మంది దాకా పిల్లలను కోర్టు భవనం నేలమాళిగలో కూర్చోబెట్టి క్లబ్బు మొదలుపెట్టాడు. వాళ్లు తమ పొలాల మట్టిని లిట్మస్ కాగితంతో పరీక్షించారు. 1910లో దక్షిణ కరోలినాలో జెర్రీ మూర్ అనే బాలుడు ఒక్క ఎకరంలో 228 బుషెళ్లు, అంటే సుమారు 58 క్వింటాళ్ల మొక్కజొన్న పండించాడు. ఆ పంట ముందు ఏ తండ్రి వాదన నిలుస్తుంది!

మొక్కజొన్న వెంట పందిపిల్లలు, దూడలు, కోళ్లు వచ్చాయి. 1914 నాటి స్మిత్-లీవర్ చట్టంతో కొత్త సాగు పద్ధతులను రైతుల దాకా చేర్చే విశ్వవిద్యాలయాల విస్తరణ సేవకు కేంద్ర నిధులు అందాయి, క్లబ్బులు దానిలో భాగమయ్యాయి. బుద్ధి, మనసు, చేతులు, ఆరోగ్యం అనే నాలుగు ఇంగ్లిషు మాటల మొదటి అక్షరమే వాటి పేరు.

పశువును తీసుకున్న పిల్లవాడు దాని తూకం, మేత, మందు, ఖర్చు అన్నీ పుస్తకంలో రాయాలి. నా దృష్టిలో పశువుల ప్రదర్శనలో బహుమతిగా దక్కే రిబ్బను కన్నా ఆ పుస్తకమే అసలు చదువు. కిలో బరువు పెరగడానికి ఎంత మేత పట్టిందో స్వయంగా లెక్కగట్టినవాడికి రైతుకు మిగిలేదెంతో ఎవరూ చెప్పనక్కరలేదు. నెలల తరబడి చేతులతో మేపిన జంతువు కౌంటీ (మన జిల్లా లాంటిది) ప్రదర్శనలో వేలానికి వెళ్లేటప్పుడు చాలామంది ఏడుస్తారు. మాంసం ఎక్కడి నుంచి వస్తుందో దాచకుండా నేర్పే చోటు అది.

ఈ చరిత్రలో చీకటీ ఉంది. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి పిల్లల క్లబ్బులు వేరుగా ఉండేవి. జాతి వివక్షను నిషేధించిన 1964 పౌరహక్కుల చట్టం తరువాత కూడా ఒకే జాతి పిల్లలున్న క్లబ్బులు మిగిలాయి. ఆ వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. ఎవరినీ చేరకుండా ఆపనప్పుడు అది చట్ట ఉల్లంఘన కాదని 1986లో కోర్టు తీర్పిచ్చింది.

గుర్రం కథ వేరు. 1915 ప్రాంతంలో ఆ దేశంలో గుర్రాలు, కంచరగాడిదలు కలిపి రెండు కోట్లకు పైనే. ట్రాక్టర్లు వచ్చాక, 1960 నాటికి 30 లక్షలకు అటూ ఇటూ మిగిలాయి. నాగలి నుంచి విడుదలైన గుర్రం స్వారీకీ, పోటీలకూ, పిల్లల చదువుకూ చేరింది. గిట్టల సంరక్షణ, మేత పాళ్లు, శరీర నిర్మాణం, కడుపునొప్పి లక్షణాలు గుర్రాల క్లబ్బులో పాఠాలు. వీటి మీద క్విజ్ పోటీలు జరుగుతాయి, వాటికి సొంత గుర్రం అవసరం లేదు. కొట్టం లేని పిల్లలు కొన్నిచోట్ల పశువును అద్దెకు తీసుకుని, ఉమ్మడి కొట్టంలో వంతులవారీగా మేపుతున్నారు.