ఈ-సిగరెట్ కాయిల్ ఎందుకు పాడవుతుంది, ఎన్నాళ్లు వస్తుంది: అపోహలు - వాస్తవాలు

హీటింగ్ ఎలిమెంట్లను పరీక్షించడం, పాడైనవాటిని విప్పి కారణం వెతకడం నా పని. ఈ-సిగరెట్ల విషయంలో ఎక్కువగా వినే ఫిర్యాదు "కాయిల్ కాలిపోయింది" అనే. కాయిల్ అంటే లిక్విడ్‌తో తడిసిన దూదిని వేడిచేసి ఆవిరి పుట్టించే తీగచుట్ట; దాన్ని దూదితో సహా ఒకే భాగంగా కూడా కాయిల్ అనే అంటారు. విప్పి చూస్తే చాలాసార్లు తీగ నిక్షేపంగా ఉంటుంది. కాలింది దాన్ని అంటుకుని ఉన్న దూది. ఇది తెలియక కొందరు దూది మారిస్తే సరిపోయే కాయిల్‌ను కూడా పారేస్తారు. ఇంకొందరు "ఇంకా పనిచేస్తోంది కదా" అని మాడినదాన్నే పీలుస్తూ ఉంటారు. నాకు బాధ కలిగించేది ఈ రెండో సంగతి, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: వేడి తట్టుకోలేక తీగ కరిగి తెగిపోతుంది.

కాయిళ్లలో బాగా వాడే తీగ కాంథాల్. ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిపిన మిశ్రమలోహం. అందులో ఏ1 రకం కరగాలంటే దాదాపు 1500 డిగ్రీల సెల్సియస్ కావాలి. నికెల్, క్రోమియం కలిపిన నైక్రోమ్‌కు సుమారు 1400. మరి కాయిల్ ఎంత వేడెక్కుతుంది? దూది తడిగా ఉన్నంతసేపు ఆ వేడి లిక్విడ్ మరిగే ఉష్ణోగ్రతకు అటూఇటూగానే ఆగుతుంది. లిక్విడ్‌లోని ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల దగ్గర, గ్లిజరిన్ 290 డిగ్రీల దగ్గర మరుగుతాయి. పైగా కాంథాల్ వేడెక్కినప్పుడు పైన పలుచని అల్యూమినియం ఆక్సైడ్ పొర కట్టి లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఇలాంటి లోహంతోనే ఫర్నేసుల ఎలిమెంట్లు కూడా చేస్తారు.

అసలు కథ దూదిలో ఉంది. దీపంలో నూనె ఉన్నంతసేపు వత్తి కొసన మాత్రమే నల్లబడుతుంది, నూనె అయిపోతే వత్తే కాలుతుంది. ఇక్కడా అంతే. లిక్విడ్ అందడం ఆగిన క్షణంలో వేడిని లాక్కునేది ఏమీ ఉండదు, కాయిల్ ఉష్ణోగ్రత ఒక్కసారిగా ఎగబాకుతుంది, దూది మాడుతుంది. ఒక్కసారి మాడిన దూది మళ్లీ మామూలు స్థితికి రాదు.

పాడైన కాయిల్ లోహపు డబ్బాను కోసి దూదిని విప్పితే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. అంచుల్లో దూది లేత పసుపుగా, తడిగా ఉంటుంది. లోపలికి వచ్చేకొద్దీ గోధుమ రంగు. తీగను తాకే చోట నల్లగా, ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతుంది. తీగ మీద గట్టి నల్లటి పెచ్చు. ఆ పెచ్చును గీకేస్తే కింద బూడిదరంగు లోహం చెక్కుచెదరకుండా ఉంటుంది. మీటర్ పెట్టి చూస్తే రెసిస్టెన్స్ (కరెంటును తీగ అడ్డుకునే గుణం, ఓంలలో కొలుస్తారు) కొత్తప్పుడు ఎంతో దాదాపు అంతే. అందుకే పరికరం "కాయిల్ బాగానే ఉంది" అని చూపిస్తుంది. అది కొలిచేది తీగను, దూదిని కాదు.

అపోహ: ప్రతి కాయిల్‌కూ ఇన్ని రోజులని ఒక లెక్క ఉంటుంది.

మామూలుగా చెప్పే లెక్క ఒకటి నుంచి రెండు వారాలు. తక్కువగా వాడేవాళ్లకు ఇంకా ఎక్కువ రావచ్చు, ఆగకుండా పీల్చేవాళ్లకు కొన్ని రోజుల్లోనే పోవచ్చు. రోజులు లెక్కపెట్టడం కంటే దాని గుండా ఎంత లిక్విడ్ వెళ్లింది, ఆ లిక్విడ్‌లో ఏముంది అని చూడటం మేలు. తీపి కోసం కలిపే సుక్రలోజ్ ఆవిరి కాదు. వేడికి విచ్ఛిన్నమై తీగ మీదే పేరుకుంటుంది. నేను చూసినవాటిలో మందమైన పెచ్చులు తీపి లిక్విడ్ వాడిన కాయిళ్లవే. సుక్రలోజ్‌లో క్లోరిన్ ఉంటుంది కాబట్టి అది విడిపోయినప్పుడు క్లోరిన్ ఉన్న పదార్థాలు కూడా పుడతాయి. రంగు ముదిరిన చిక్కటి లిక్విడ్లు కూడా కాయిల్ ఆయుష్షును తగ్గిస్తాయి.

వాడి పారేసే డిస్పోజబుల్ పరికరాల మీద ముద్రించే పఫ్‌ల (ఎన్నిసార్లు పీల్చవచ్చో ఆ) సంఖ్య గురించి ఒక మాట. ప్రయోగశాలలో యంత్రంతో పీల్పించడానికి ఐఎస్ఓ 20768 అనే ప్రామాణిక పద్ధతి ఉంది. ఒక్కో పఫ్ 3 సెకన్లు, 55 మిల్లీలీటర్లు, 30 సెకన్లకు ఒకటి. అంటే పఫ్‌కూ పఫ్‌కూ మధ్య 27 సెకన్ల విరామం, దూది మళ్లీ తడవడానికి కావలసినంత సమయం. మనిషి అలా పీల్చడు. వరుసగా నాలుగైదు సార్లు లాగేస్తాడు. యంత్రం దగ్గర హాయిగా ఉన్న దూది మనిషి చేతిలో ఎండిపోయేది అందుకే.

అపోహ: ఓంలు తక్కువైతే కాయిల్ త్వరగా పోతుంది.

ఓంలను ఒక్కటే చూసి ఏమీ చెప్పలేం. తీగ ఉపరితలంలో ప్రతి చదరపు మిల్లీమీటరుకూ ఎన్ని వాట్ల భారం పడుతోంది, దానికి తగ్గ లిక్విడ్ అందుతోందా అన్నదే లెక్క. మందపు తీగ, తీగకు బదులు వాడే జల్లెడ లాంటి వెడల్పాటి లోహపు రేకు (మెష్) తక్కువ ఓంలున్నా ఎక్కువ వాట్లను తేలిగ్గా మోస్తాయి. సన్నతీగ మీద అవే వాట్లు పెడితే దూది మాడుతుంది. కాయిల్ మీద రాసిన వాట్ల పరిధిలో కింది అంచు నుంచి మొదలుపెట్టమనేది ఇందుకే.

చాలామంది పట్టించుకోనిది ఇంకొకటి ఉంది. వోల్టేజ్‌ను అదుపు చేసే సర్క్యూట్ లేని పరికరంలో బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు నేరుగా కాయిల్‌కు వెళ్తాయి. కాయిల్ 1 ఓం అయితే అది 17.6 వాట్లు. బ్యాటరీ 3.4 వోల్టులకు దిగేసరికి 11.6 వాట్లే. ఛార్జింగ్ తీసిన వెంటనే మాడు రుచి వచ్చి తర్వాత తగ్గిందంటే కారణం ఇదే కావచ్చు.

అపోహ: కడిగితే కొత్తదవుతుంది.

కాదు. వేడి నీళ్లకు పైపైన కొంత జిడ్డు పోతుంది, మాడిన దూది మాత్రం అలాగే ఉంటుంది. దూది మార్చుకునే వీలున్న రకాల్లో సంగతి వేరు: పాత దూది తీసేసి, తీగను బ్రష్‌తో శుభ్రం చేసి కొత్త దూది పెట్టుకోవచ్చు. నికెల్, టైటానియం తీగలను మాత్రం దూది లేకుండా ఎర్రగా కాల్చకండి. టైటానియం మీద తెల్లటి ఆక్సైడ్ పొడి పట్టి అది రాలుతుంది.

అపోహ: సెరామిక్ ఎలిమెంట్‌కు చావు లేదు.

దూది లేదు కాబట్టి దూది మాడదు, అంతవరకు నిజం. కానీ రంధ్రాలున్న సెరామిక్కే అక్కడ వత్తి పని చేస్తుంది. పెచ్చు ఆ రంధ్రాలను మూసేస్తే లిక్విడ్ అందదు. పైగా వేడి ఒక్కసారిగా పెరిగి తగ్గుతుంటే సెరామిక్ బీటలు వారుతుంది.

అపోహ: "కాయిల్ లేదు" అని చూపిస్తే కాయిల్ పోయినట్టే.

ముందు కాంటాక్టులు తుడిచి చూడండి. లిక్విడ్ కారి అడుగున ఉన్న పిన్ మీద జిడ్డు పట్టినా అలాగే చూపిస్తుంది. తుడిచినా అదే వస్తే తీగ కొస పిన్‌తో కలిసే చోట తెగి ఉండవచ్చు. నిజంగా తీగ తెగే సందర్భాల్లో ముందు అనుమానించాల్సిన చోటు అదే.

అపోహ: మాడు రుచి వచ్చినా ఇంకో నాలుగు పఫ్‌లు ఫరవాలేదు.

దయచేసి ఇలా చేయకండి. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ మితిమీరి వేడెక్కితే ఫార్మాల్డిహైడ్, అసిటాల్డిహైడ్, ఆక్రోలిన్ పుడతాయి. గొంతులో కొట్టే ఆ ఘాటుకు ఆక్రోలిన్ ఒక కారణం. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకం. మాడు రుచి వస్తే ఆపి, లిక్విడ్ ఉందో లేదో చూసి, దూది తడిసేదాకా ఆగండి. అయినా పోకపోతే కాయిల్ మార్చాల్సిందే. కొత్త కాయిల్ వేసినప్పుడు దూది మీద కొన్ని చుక్కలు వేసి, ట్యాంక్ నింపాక పదిహేను నిమిషాలు వదిలేయండి. మొదటి పఫ్‌కే పోయిన కాయిళ్లు నా దగ్గరికి చాలా వస్తాయి. అవన్నీ పొడి దూది మీద స్విచ్ నొక్కినవే.

అపోహ: కొత్త కాయిల్ వేస్తే ఇక ప్రమాదం లేదు.

2018లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 56 మంది వాడుతున్న పరికరాలను పరీక్షించారు. సీసాలోని లిక్విడ్‌లో కంటే, పరికరం నుంచి వచ్చిన ఆవిరిలో క్రోమియం, నికెల్, సీసం, జింక్ ఎక్కువగా కనిపించాయి. తరచూ కాయిల్ మార్చేవాళ్ల పరికరాల్లో లోహాలు ఇంకా ఎక్కువగా ఉన్నాయి. కాయిల్ మారిస్తే మాడు వల్ల పుట్టే పదార్థాలు తగ్గుతాయి గానీ, ఈ లోహాల సమస్య తీరదు. కాంథాల్‌లోనూ నైక్రోమ్‌లోనూ సీసం కలపరు. కాబట్టి సీసం కోసం తీగను కాకుండా సోల్డర్ అతుకులను, ఇత్తడి భాగాలను ముందు చూడాలి. కాయిల్ ఒక్కటే మార్చినప్పుడు వాటిలో కొన్ని పరికరంలోనే ఉండిపోతాయి.