కొండ అవతల పాట

విశాఖపట్నంలో సింధియా దాటి యారాడ కొండెక్కుతుంటే ఆటోలో ఎఫ్‌ఎం పాట గట్టిగానే వినిపిస్తుంది. కొమ్ము దాటి అవతలికి దిగడం మొదలవగానే గరగర. ఒక్కో మలుపులో పాట పైకి తేలుతుంది, మళ్ళీ మునుగుతుంది. కిందికి దిగి, కొండను వదిలి ఇసుక వైపు నడిచేకొద్దీ మళ్ళీ కాస్త తేటపడుతుంది. ట్రాన్స్‌మిటర్‌కి ఇంకా దూరం జరిగాం కదా, సిగ్నల్ పెరగడమేమిటి?

కొండ చాటున చీకటి పూర్తిగా ఉండదు. రేడియో తరంగం కొండ అంచు దగ్గర వంగి అవతలికి కొంత దిగుతుంది. పాఠ్యపుస్తకాల్లో దీన్ని వివర్తనం అన్నారు. కొండ మొదట్లో నిలబడిన వాడి దగ్గరికి చేరాలంటే తరంగం బాగా వంగాలి, నష్టం ఎక్కువ. ఇసుకలో ఉన్న వాడికి కొద్దిగా వంగితే చాలు.

ఎంత నష్టమో లెక్క కట్టవచ్చు. ట్రాన్స్‌మిటర్ కొండకి ఇవతల 8 కిలోమీటర్లు, మనం అవతల 1 కిలోమీటరు దూరంలో ఉన్నామనుకుందాం. రెంటినీ కలుపుతూ గీత గీస్తే కొండ కొమ్ము ఆ గీత కంటే 50 మీటర్లు పైకి ఉంది. కొండను పలచటి కత్తి అంచుగా భావిస్తే, కొండే లేనప్పుడు అందే శక్తిలో 3 మీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఎఫ్‌ఎంకి సుమారు 40లో ఒక వంతు మిగులుతుంది. 900 మెగాహెర్ట్జ్ ఫోన్‌కి 340లో ఒక వంతు. 3500 మెగాహెర్ట్జ్ 5జీకి 1300లో ఒక వంతే. మెగాహెర్ట్జ్ పెరిగేకొద్దీ తరంగం పొట్టిదవుతుంది. తరంగం ఎంత పొట్టిదైతే కొండ అంత కఠినం. అసలు కొమ్ము ఆ గీతను అంటీ అంటనట్టు ఉన్నా నాలుగింట మూడు వంతుల శక్తి పోతుంది. అవతలి టవర్ కంటికి కనబడితే చాలు అనుకోవడం పొరపాటని నేను గట్టిగా చెప్పేది అందుకే.

మన తూర్పు కనుమలు కత్తి అంచులు కావు. గుండ్రటి వీపులు, ఒకదాని వెనక ఇంకొకటి, మీద చెట్లు. ఇలాంటి ఎగుడుదిగుడు నేలకి 1968లో అమెరికాలో అనితా లాంగ్లీ, ఫిల్ రైస్ కంప్యూటర్ లెక్క ఒకటి తయారుచేశారు. ఇప్పటికీ వాడుతున్నారు. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ రాడార్‌తో 11 రోజులు నేల ఎత్తులు కొలిచాక, కొండల అడ్డుకోత, అంటే నిలువుగా కోస్తే కనిపించే ఆకారం, కంప్యూటర్‌లోనే గీయడం సులువైంది. లాంగ్లీ, రైస్‌ల లెక్క ఒక్క అంకెతో ఆగదు, ఎన్ని చోట్ల, ఎంత సమయం ఆ సిగ్నల్ దొరకవచ్చో కూడా చెబుతుంది. నాకు నచ్చే నిజాయితీ అదే.

టవర్ చుట్టూ వృత్తం గీసి లోపలున్న ఊళ్ళన్నిటికీ సిగ్నల్ ఉందనే మ్యాపు మన ఏజెన్సీ కొండ ప్రాంతానికి పనికిరాదు. పాడేరు వైపు కుర్రాళ్ళు ఫోన్ పట్టుకుని గుట్టెక్కడం ఊరికే కాదు. పై లెక్కలోనే మనం 45 మీటర్లు పైకెక్కితే కొమ్ము దగ్గర ఆ గీత 40 మీటర్లు లేస్తుంది, అడ్డు 50 నుంచి 10 మీటర్లకి తగ్గుతుంది. అప్పుడు 900 మెగాహెర్ట్జ్ ఫోన్‌కి 340లో ఒక వంతు కాస్తా దాదాపు 20లో ఒక వంతు అవుతుంది.