నాచులో బిందె ముంచితే

చిరంజీవులు అమ్ములుకు, చిన్నాకు తాతయ్య ఆశీస్సులు.

బడిలో ఉల్లిపొరను సూక్ష్మదర్శిని కింద చూశామని రాశావు అమ్ములూ. "ప్రతి కణంలో ఒక గుండ్రటి చుక్క ఉంది, అదేమీ కదలడం లేదు. అందులో అన్నీ నిద్రపోతున్నాయా తాతయ్యా?" అని అడిగావు. ఆ చుక్కే కేంద్రకం. మీరు అయొడిన్ వేశారు కదా, పాపం ఆ కణం అప్పుడే చచ్చిపోయి ఉంటుంది. బతికున్న కేంద్రకంలో అయితే తిరునాళ్లే!

మా ఊరి చెరువు మీద పచ్చటి నాచు చాపలా పరుచుకుని ఉండేది. బిందె అడుగుతో దాన్ని పక్కకు తోస్తే గుండ్రంగా నల్లటి నీరు బయటపడేది. బిందె ముంచి తీసేలోగా మళ్లీ మూసుకునేది. నేను నీళ్లు పట్టడం మానేసి, అది ఎంతసేపటికి మూసుకుంటుందో లెక్కపెడుతూ కూర్చునేవాణ్ణి. ఒకరోజు బిందె కాస్తా మునిగిపోయింది. మిగతా లెక్క మా నాయనమ్మ నా వీపు మీద చెప్పింది. అయినా ఊరికే కూర్చుని చూడటం సోమరితనం కాదని ఇప్పటికీ అంటాను.

ఎందుకంటే శాస్త్రజ్ఞులు చేసేదీ అదే. కేంద్రకంలోని ప్రోటీన్లు విడిగా కంటికి ఆనవు. అందుకని పచ్చగా మెరిసే మరో ప్రోటీనును వాటికి తోకలా తగిలిస్తారు. దాన్ని జెల్లీచేపలో కనిపెట్టిన ఒసాము షిమోమురా 2008లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఒకరు. తర్వాత కేంద్రకంలో ఒకచోట లేజర్ కాంతిని గట్టిగా కొడతారు. అక్కడి తోకలు ఆరిపోతాయి. అదే నాచులో గుంట! పక్కనున్న మెరుపులు వచ్చి దాన్ని నింపడానికి ఎంతసేపు పడుతుందో లెక్కపెడతారు. 2000లో ఫెయిర్, మిస్టెలీ అనే ఇద్దరు అలా చూస్తే గుంట చకచకా నిండిపోయింది. కణానికి శక్తి అందకుండా చేసినా ఆ కదలిక ఆగలేదట.

అదే చెరువులో తామరాకులూ ఉండేవి. ఒక ఆకును తుంచేస్తే ఆ చోటు ఖాళీగానే మిగిలేది. పక్క ఆకు కదిలి రాదు కదా, దాని కాడ బురదలో పాతుకుని ఉంటుంది. మన కణపు కేంద్రకంలో సుమారు 2 మీటర్ల డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్లనే ప్రోటీన్లు చాలావరకు అలాంటివే, గంటలు గడిచినా కదలవు. జన్యువులను మేల్కొలిపే ప్రోటీన్లు మాత్రం, నాచు తునక తామరకాడకు తగిలి సాగిపోయినట్టు, డీఎన్ఏ మీద చాలాసార్లు కొన్ని సెకన్లే వాలి వెళ్లిపోతాయి. అంత చిన్న మజిలీతో అంత పెద్ద పని ఎలా జరుగుతుందో తలచుకుంటే నాకు నిద్ర పట్టదు.

నా చెరువు పోలిక ఇక్కడితో సరి. నాచును గాలి తోస్తుంది, కేంద్రకంలో గాలి ఎక్కడిది? చుట్టూ ఉన్న నీటి అణువులే ఆ ప్రోటీన్లను ఊరుకోనివ్వకుండా కుమ్ముతుంటాయి. అది ఉత్తరంలో చెబితే తెలిసేది కాదు. పాలలో కాసిని నీళ్లు కలిపి, ఒక చుక్కను అదే సూక్ష్మదర్శిని కింద పెట్టమని మీ మాస్టారిని అడుగు. ఎవరూ కదపకుండానే చిన్న చిన్న వెన్న బొట్లు వణుకుతూ కనిపిస్తాయి. ముందు చిన్నాను చూడనివ్వు.

మీ తాతయ్య